పెదాలు కదిపితే చాలన్నాను... ఇప్పుడా అబ్బాయి నోరే విప్పడం లేదు

కోనసీమలోని ఒక చిన్న పట్నం నుంచి ఓ సంగీతం టీచర్ ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు, స్కూలు పేరు బయటపెట్టవద్దన్నారు. ఆమె రాసిన సంగతులు క్లుప్తంగా ఇవి.

వయసు 36. ప్రభుత్వ సంగీత కళాశాలలో గాత్రం సర్టిఫికెట్ కోర్సు, ఆ తర్వాత డిప్లొమా చేశారు. ఎనిమిదేళ్లుగా ఒక ప్రైవేటు సీబీఎస్‌ఈ స్కూల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు పాట నేర్పుతున్నారు. కిందటేడు వరకు ప్రతి సెక్షన్‌కీ వారానికి రెండు పీరియడ్లు ఉండేవి. ఈ ఏడాది టైమ్‌టేబుల్ చేతికొచ్చేసరికి ఆరు, ఏడు తరగతులకు ఒక్కటే మిగిలింది. ఎనిమిదికి అదీ లేదు, ఆ గంటలో ఐఐటీ ఫౌండేషన్ పెట్టారు. ఉన్న ఆ ఒక్క పీరియడ్ కూడా నెలకు రెండుసార్లయినా లెక్కల మాస్టారు “రివిజన్ ఉంది మేడమ్” అని తీసేసుకుంటారు. ఖాళీ అయిన గంటల్లో ఈమెకు జీకే ఇచ్చారు, మూడో తరగతి హిందీ నోట్సులు దిద్దే పని ఇచ్చారు. వచ్చే ఏడాది ఆరు, ఏడు తరగతులకు కూడా మ్యూజిక్ అనే పేరు ఉండదట. ‘యాక్టివిటీ’ అని ఒక పీరియడ్ పెట్టి యోగా, డ్రాయింగ్, పాట వంతులవారీగా నడుపుతారట. ఉంటారో మానేస్తారో మార్చి నెలాఖరులోగా చెప్పమన్నారు. డిసెంబర్‌లో వార్షికోత్సవానికి మాత్రం రోజుకు మూడు గంటలు ఈమెతోనే పని.

జీతం 16 వేలు. “ఈ తిప్పలన్నీ ఎందుకు, అమెరికాలో మనవాళ్ల పిల్లలకు ఆన్‌లైన్లో చెప్పుకో, పదిమంది దొరికినా దీనికంటే ఎక్కువే వస్తుంది” అని భర్త అంటున్నారు. పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి “మేడమ్, దీనికి మార్కులుంటాయా?” అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదట. “ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన అడిగిందాంట్లో తప్పేముంది అని కూడా అనిపించింది” అని రాశారు.

చివరి పేజీలో ఇంకో సంగతి ఉంది. మొన్న డిసెంబర్‌లో ఆఖరి రిహార్సల్ జరుగుతోంది. నలభైమంది బృందగానం. ఏడో తరగతి అబ్బాయి ఒకడు శ్రుతి తప్పుతున్నాడు. పక్కన కరస్పాండెంట్ నిలబడి ఉన్నారు. ఆ టెన్షన్‌లో ఈమె “నువ్వు పాడకు నాన్నా, పెదాలు కదుపు చాలు” అన్నారు. ఆ పిల్లవాడు అలాగే చేశాడు. అప్పటినుంచి ఆమె పీరియడ్‌లో కూడా పాడడు. నోట్‌బుక్ తెరిచి పెట్టుకుని కూర్చుంటాడు. “ఉద్యోగం మానెయ్యాలా, పోట్లాడాలా, సర్దుకుపోవాలా? అసలు బడిలో సంగీతం ఉండాలని అడిగే అర్హత నాకుందా?” ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి ఐదు పేజీలూ పీరియడ్ల గురించి రాశారు. ఆరో పేజీకి వచ్చేసరికి చేతిరాతే మారిపోయింది. ఆ అబ్బాయి విషయం చివర్లో మాట్లాడతాను. దానికి జవాబు ఉంది, మీరు భయపడుతున్నంత కష్టమైనదీ కాదు.

నేనూ ముప్ఫై ఏళ్లకు పైగా బడిలో పాట చెప్పినదాన్నే. అందుకని ముందే ఒక మాట చెప్పాలి. మీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. మీ ఉద్యోగం ఒకటి, మీకు దక్కాల్సిన గౌరవం ఒకటి, పిల్లలకు దక్కాల్సిన పాట ఒకటి. జీకే చెప్పమన్నప్పుడు మీకు కలిగింది రెండోదాని బాధ. అది నిజమైన బాధే. కానీ ప్రిన్సిపాల్ గదిలో దాన్ని ముందు పెడితే మాట అక్కడే ఆగిపోతుంది. “అందరు టీచర్లూ ఎక్స్‌ట్రా పని చేస్తున్నారు కదమ్మా” అంటారు, అది అబద్ధం కూడా కాదు. జీకే చెప్పడంలో నామోషీ ఏమీ లేదు. పిల్లల పాట గంట పోవడం మాత్రం నష్టం. మీరు అడగాల్సింది దాని గురించే.

అడగడానికి మీ చేతిలో కాగితం ఉంది. ఒకటి నుంచి పన్నెండో తరగతి వరకు ఆర్ట్ ఎడ్యుకేషన్‌కు వారానికి కనీసం రెండు పీరియడ్లు ఇవ్వాలని సీబీఎస్‌ఈ 2019లోనే తన స్కూళ్లకు చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలు వేరు, సహపాఠ్యాంశాలు వేరు అనే గోడ ఉండకూడదంది. 2023 పాఠశాల విద్యా ప్రణాళిక చట్రంలో కళలకు మిగతా సబ్జెక్టుల్లాగే చోటుంది. దాని ప్రకారం ఎన్‌సీఈఆర్‌టీ 2024లో మూడో తరగతికి ‘బాన్సురి’, ఆరో తరగతికి ‘కృతి’ అని కళల పాఠ్యపుస్తకాలు తెచ్చింది. బొమ్మలు, పాట, నాట్యం, నాటకం నాలుగూ అందులో ఉన్నాయి. అంతకుముందే 2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలో, ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో వందమందికి మించి పిల్లలుంటే ఆర్ట్ ఎడ్యుకేషన్‌కు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని రాశారు.

ఇక్కడ మీరు మోసపోకుండా ఉండాల్సిన చోటు ఒకటుంది. వీటన్నిటిలోనూ ఉన్న మాట ‘కళలు’. ‘సంగీతం’ అని విడిగా ఎక్కడా హామీ లేదు. వారానికి రెండు పీరియడ్లూ డ్రాయింగ్‌కే ఇచ్చి “రూల్ ప్రకారమే ఉన్నాం” అని మీ ప్రిన్సిపాల్ అనొచ్చు. అందుకే రూల్ చూపించి గెలుద్దామని వెళ్లకండి. డ్రాయింగ్ మాస్టారితో ముందు మాట్లాడుకోండి. ఆయన గంటలూ పోతున్నాయి కదా. ఆరు, ఏడు తరగతులకు వారానికి రెండు కళల పీరియడ్లు, ఒకటి ఆయనకు, ఒకటి మీకు, అవి ఇంకెవరికీ ఇవ్వకూడదు అని ఇద్దరూ కలిసి ఒకే కాగితం మీద రాసిచ్చి చూడండి. ఒకరు అడిగితే ఫిర్యాదులా వినపడేది ఇద్దరు అడిగితే ప్రతిపాదన అవుతుంది. ఒప్పుకోకపోయినా మీ ఉద్యోగానికి దానివల్ల ప్రమాదం తక్కువ.

మీరు రాసిన ఇబ్బంది మీ ఒక్క స్కూలుది కాదు. విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేకపోతే, ఆ పిల్లవాడు సంగీతం నేర్చుకోవడానికని రాజావారు దాన్ని పెట్టారని చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆ తర్వాత విజయవాడలో, హైదరాబాద్‌లో, ఇంకా ఎన్నో ఊళ్లలో ప్రభుత్వ కళాశాలలు వచ్చాయి. అంటే నూరేళ్ల క్రితమే మనం పాటకు ఒక ఇల్లు కట్టాం, కానీ ఆ ఇల్లు బడికి బయట కట్టాం. సాయంత్రం అయ్యాక, తోచిన తల్లిదండ్రులు పిల్లల్ని చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లాలి. బడికి మిగిలింది ఉదయం ప్రార్థన, ఆగస్టు 15, వార్షికోత్సవం. స్టేట్ సిలబస్ బడుల్లో ‘కళలు, సాంస్కృతిక విద్య’ అని గ్రేడు వేసే పద్ధతి వచ్చింది గానీ, పాట చెప్పే మనిషి లేకుండానే ఆ గ్రేడు వేయాల్సిన బడులు ఎన్నో. అది తలచుకుంటే నాకు బాధేస్తుంది.

ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. స్థోమత, తీరిక ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లకు సాయంత్రం గురువు దొరుకుతారు. మిగతా పిల్లలకు జీవితంలో ఒక మనిషి ఎదురుగా కూర్చుని ‘స’ పట్టుకోవడం నేర్పేది మీ పీరియడ్ ఒక్కటే. ఆయనకు ఇలాగే చెప్పండి. మార్కుల సంగతీ దాచొద్దు. సీబీఎస్‌ఈలో తొమ్మిది, పదికి కర్ణాటక గాత్రాన్ని అదనపు సబ్జెక్టుగా తీసుకోవచ్చు, రాతపరీక్ష కంటే ప్రాక్టికల్‌కే బరువెక్కువ. మీ స్కూలు దాన్ని పెడుతుందా అన్నది వేరే మాట. పెట్టాలంటే నలుగురైదుగురు పిల్లలైనా ముందుకు రావాలి, వాళ్లను ఆరో తరగతి నుంచే తయారుచేసుకుంటూ రావాలి.

ఒక్కటి మాత్రం వద్దు. “పాట నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయి” అని ఎవరికీ చెప్పకండి. దాని మీద పరిశోధకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. పైగా పాటను లెక్కలకు సాయంగా అమ్మితే, లెక్కల మాస్టారు “ఆ గంట నాకే ఇవ్వండి, ఇంకా ఎక్కువ పెంచుతాను” అంటారు. అప్పుడు మీ దగ్గర మాట ఉండదు.

ఇక మీ పాఠం గురించి. కోపగించుకోకండి. ఏడో తరగతిలో 45 మంది ఉంటే, ఇంటి దగ్గర నేర్చుకుంటున్న ఆరుగురే పాడతారని, మిగతావాళ్లు అరుస్తారని, పక్క క్లాసు టీచర్ తలుపు కొడతారని రాశారు. జూన్ నుంచి సరళీ వరసలే, అంటే స్వరాలను వరసగా పాడే మొదటి పాఠాలే, చెబుతున్నానని కూడా రాశారు. మీరు నేర్చుకున్న దారి అదే కాబట్టి అలా చెబుతున్నారు. నేనూ మొదట్లో అంతే చేశాను. మాయామాళవగౌళ రాగంలో సరళీలు, జంటలు, అలంకారాలు, ఆ తర్వాత గీతాలు: ఆ వరస రోజూ గురువు ముందు కూర్చుని గంట సాధన చేసే పిల్లకు కట్టింది. వారానికి నలభై నిమిషాలు దొరికే 45 మందికి అది పనికిరాదు. వాళ్లకు అది పాటగా వినపడకముందే ఏడాది అయిపోతుంది.

పాటతో మొదలుపెట్టండి. మీ ప్రాంతంలో సంక్రాంతికి ఇంకా గొబ్బి పాటలు పాడే ఇళ్లున్నాయి, ఊడుపు పాటలు తెలిసిన అమ్మమ్మలున్నారు. “ఇంట్లో ఎవరికైనా పాత పాట వస్తే రెండు లైన్లు నేర్చుకుని రండి” అనండి. అలాంటి పాటలు చాలావరకు నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతాయి, ఏ గొంతుకైనా అందుతాయి. ఆ లైను అందరికీ వచ్చాక అప్పుడు చెప్పండి, ఇది ‘స’, ఇది ‘రి’, ఇదిగో ఇక్కడ మనం ‘ప’ దాకా వెళ్లి వచ్చాం అని. నోటికొచ్చిన దానికి పేరు పెడితే పిల్లలు మర్చిపోరు. హంగరీలో జోల్టాన్ కోడాయ్ అనే స్వరకర్త ఇదే చెప్పాడు, బడిలో సంగీతం సొంత భాష జానపదాలతో మొదలవ్వాలని. 1950లో కెచ్‌కెమేత్ అనే ఊళ్లో, రోజూ పాట ఉండే ప్రాథమిక బడి ఆయన పద్ధతిలోనే మొదలైంది.

అరుపుల సంగతికి నేను వాడిన చిట్కా ఒకటి చెబుతాను. గదిలోకి వెళ్లగానే “నిశ్శబ్దం” అనకండి. శ్రుతిపెట్టె ఆన్ చేసి, సౌండ్ బాగా తగ్గించి, నోరు మూసుకుని దానితో కలిపి ‘మ్’ అనమనండి. పక్కవాడిది వినపడాలి, తనది మించకూడదు. మొదటి వారం నవ్వుతారు. రెండో వారం కొందరు కళ్లు మూసుకుంటారు. మూడో వారానికి ఒక నిమిషం పాటు 45 మంది ఒకే స్వరం మీద నిలబడతారు, ఆ నిమిషంలో బెంచీ చెక్క మీద చెయ్యి వేస్తే చిన్నగా అదురు తెలుస్తుంది. ఆ చెయ్యి వాళ్లచేత కూడా వేయించండి. తర్వాత ఆది తాళం: దెబ్బ, చిటికెనవేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. పాడని పిల్లలు కూడా తాళం వేస్తారు. ఆ గంట వాళ్లదీ అవుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

సర్దుకుని ఉండిపోవచ్చు. నెల జీతం ఆగదు, పిల్లలు దూరం కారు. కానీ షరతు లేకుండా ఉంటే రెండేళ్లలో మీరు జీకే టీచర్ అయిపోతారు, డిసెంబర్‌లో మాత్రం సంగీతం గుర్తొస్తుంది. ఉండాలనుకుంటే ఒకే ఒక షరతు పెట్టండి, అదీ రాతపూర్వకంగా: ‘యాక్టివిటీ’ పీరియడ్లో పాట వంతు ఏ వారాల్లో ఉందో ఏడాది మొదట్లోనే టైమ్‌టేబుల్లో అచ్చు వేయాలి. వార్షికోత్సవం పని దానికి బదులు కాదు. జీతం పెంచమని అదే మాటలో కలపకండి, అది వేరే రోజు అడగండి.

మానేసి ఆన్‌లైన్‌కి వెళ్లొచ్చు. మీ వారు చెప్పింది తీసిపారేసేది కాదు, ఇంటి ఖర్చులు ఆయనకూ తెలుసు. డబ్బు బహుశా బాగానే వస్తుంది. అయితే న్యూయార్క్‌లో సాయంత్రం 7 అంటే మనకు చలికాలంలో తెల్లవారుజామున 5.30, ఎండాకాలంలో 4.30. ఆ వేళకు గొంతు సిద్ధంగా ఉండాలంటే అంతకంటే ముందు లేవాలి. ఇంకోటి, నెట్‌లో శబ్దం చేరడానికి ఎంతో కొంత ఆలస్యం ఉంటుంది కాబట్టి ఇద్దరూ కలిసి పాడలేరు. మీరు పాడి ఆపాలి, ఆ పిల్ల పాడాలి, మీరు దిద్దాలి. ఆ పిల్లలు బంగారాలే. ఇంటికి దూరంగా పెరుగుతూ తెలుగులో పాడాలనుకునే పిల్లలకు మీలాంటి వాళ్లు కావాలి. కానీ వాళ్లకు అమ్మానాన్నలు పాటను ముందే ఎంచిపెట్టారు. మీరు లేకపోతే ఇంకో గురువును వెతుక్కుంటారు. మీ ఏడో తరగతి పిల్లలకు వెతికిపెట్టేవాళ్లు లేరు. దీన్ని మీ మీద భారంగా వేయడం లేదు, లెక్కలో పెట్టుకోమంటున్నాను.

రెండూ కలిపి నడిపే దారి కూడా ఉంది, నాకు ఇదే కాస్త నచ్చింది. శని, ఆదివారాల తెల్లవారుజామున ఇద్దరో ముగ్గురో పిల్లలతో ఆరు నెలలు చేసి చూడండి. మీ ఒంటికి పడుతుందా, ఎంత మిగులుతుంది అన్నది అప్పుడు అంచనాతో కాకుండా అనుభవంతో తెలుస్తుంది. స్కూలు వాళ్లతో మాట్లాడేటప్పుడు గొంతులో వణుకు కూడా తగ్గుతుంది. వేరే ఆదాయం ఉన్న మనిషి అడిగే తీరే వేరు. కాకపోతే ముందు మీ నియామకపు కాగితం తీసి చూసుకోండి, బయట పాఠాలు చెప్పకూడదని ఉంటే ప్రిన్సిపాల్‌కి చెప్పే మొదలుపెట్టండి.

ప్రభుత్వ పోస్టుల గురించి ఒక లైన్లో అడిగారు. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక స్థాయిలో మ్యూజిక్ టీచర్ పోస్టులుంటాయి. తెలంగాణ గురుకులాలకు 2023లో వచ్చిన నోటిఫికేషన్లలోనూ మ్యూజిక్ టీచర్లున్నారు. వయసు పరిమితి, డిగ్రీ అడుగుతారా డిప్లొమా చాలా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు మొత్తం చదివి అప్లై చేయండి. దాన్ని నమ్ముకుని మాత్రం ఇప్పుడు మానేయకండి.

ఇక ఆ అబ్బాయి.

ఏడో తరగతి అన్నారు, అంటే పన్నెండో పదమూడో ఏళ్లుంటాయి. ఆరో తరగతిలో బాగానే పాడేవాడని మీరే ఒకచోట రాశారు, దాన్ని అక్కడే వదిలేశారు. అమ్మా, ఆ పిల్లవాడికి గొంతు మారుతోంది అనుకుంటున్నాను. ఆ వయసులో మగపిల్లల స్వరపేటిక పెరుగుతుంది, గొంతు కిందికి దిగుతుంది, స్థిరపడేసరికి దాదాపు ఒక స్థాయి, అంటే పై ‘స’ నుంచి కింది ‘స’ దాకా ఉన్నంత, తేడా వస్తుంది. మధ్యలో కొన్ని నెలలపాటు వాడి చేతిలో నాలుగైదు స్వరాలే ఉంటాయి, అవి కూడా ఏ రోజుకారోజు చోటు మారుతుంటాయి. మీరు బృందగానం ఐదున్నర శ్రుతిలో పెట్టారు (అంకె పెరిగేకొద్దీ శ్రుతి పైకి వెళ్తుంది). అది మీకూ ఆడపిల్లలకూ హాయిగా ఉంటుంది. వాడు పైన అందుకోలేడు, కింద స్థాయికి ఇంకా పూర్తిగా దిగలేదు. వాడికి శ్రుతి జ్ఞానం లేదని మీరు అనుకున్నారు. నిలబడటానికి చోటు లేక తప్పాడు.

మీకు అర్హత ఉందా అని అడిగారు. నా ఉద్యోగంలో రెండో ఏడు నేను ఒక పాపను వెనక వరసలోకి పంపి “గట్టిగా పాడకమ్మా” అన్నాను. ఆ పాప పేరు నాకింకా గుర్తుంది. వేసవి సెలవుల్లో వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది, మళ్లీ మాట్లాడే అవకాశం రాలేదు. మీ పిల్లవాడు మీ స్కూల్లోనే ఉన్నాడు. మార్చి దాకా మీ పీరియడ్ కూడా ఉంది.

క్లాసు ముందు క్షమాపణ చెప్పకండి, ఆ వయసు పిల్లలకు అది ఇంకా ఇబ్బంది. ఇంటర్వెల్‌లో శ్రుతిపెట్టె మోసుకురమ్మని వాణ్ని పిలవండి. “ఆ రోజు నేను తప్పు మాట అన్నాను. నీ గొంతు మారుతోంది, అది నేను కనిపెట్టలేకపోయాను” అని మామూలుగా చెప్పండి. పాడమనకండి. మాట్లాడే గొంతుతో ‘ఊఁ’ అనమనండి చాలు. ఎక్కడ అంటాడో వినండి. అది రెండు శ్రుతి కావచ్చు, ఒకటిన్నర కావచ్చు. శ్రుతిపెట్టెను అక్కడికి మీరే దించండి.

తర్వాత క్లాసులో వాడికీ, గొంతు మారుతున్న మిగతా అబ్బాయిలకూ వంత ఇవ్వండి. బుర్రకథలో వంతలు లేకపోతే కథ నడవదని వాళ్లకు తెలుసు. మిగతావాళ్లు పాట పాడుతుంటే వీళ్లు కింద ‘స’ పట్టుకుని ఉండాలి, లైను చివర అందుకోవాలి. నాలుగు స్వరాలు ఉన్నవాడికి ఒక్క స్వరం నిలబెట్టడం వచ్చు. ఆ రోజు క్లాసు మొత్తాన్నీ వాడి శ్రుతికే పాడనివ్వండి. మీకు అంత కింద అందకపోతే, మీరు పై స్థాయిలో పాడండి.